ముసలి గోల్డ్‌ఫిష్ కన్ను ఎందుకు తిరగబెడుతుంది?

అక్వేరియం దుకాణంలో సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఈ మాటలు చెవిన పడకుండా ఉండవు. "అన్నా, మా గోల్డ్‌ఫిష్ కన్ను మళ్ళీ ఉబ్బింది." "పోయినసారి ఇచ్చిన మందు వేశారా?" "వేశాం, తగ్గింది. నెల తిరక్కుండానే మళ్ళీ మొదలైంది." దుకాణం అతను అరలోంచి నీలం సీసా తీస్తాడు, పక్కనే పసుపు పొడి పొట్లం ఒకటి పెడతాడు, పది లీటర్లకు ఇన్ని చుక్కలు అని చెప్పి డబ్బులు తీసుకుంటాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. చేపను చూడకుండా, అది బతికే నీళ్ళు చూడకుండా కౌంటరు అవతల నుంచి ఎవరైనా చేయగలిగింది అంతే.

కన్ను మొదటిసారి ఉబ్బితే ఏం చేయాలో చాలామంది చెబుతారు. మూడోసారి, నాలుగోసారి, అదీ వయసు మళ్ళిన చేపకు వస్తే ఏం చేయాలన్న దానికి జవాబు ఒకచోట దొరకదు. కొంత సాల్మన్ పెంపకందారుల దగ్గర, కొంత నదీ ఆనకట్టల మీద పనిచేసిన శాస్త్రవేత్తల దగ్గర, కొంత పశువైద్యుల దగ్గర, మిగిలింది ఏళ్ళ తరబడి చేపలు పెంచినవాళ్ళ అనుభవంలో ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందొకటే. కన్ను తిరగబెడుతోందంటే చాలాసార్లు జబ్బు కంట్లో లేదు. నీళ్ళలో ఉంది, లేదా ఒంట్లో ఉంది. కంటికి మందు వేస్తూ పోయినంత కాలం అది వస్తూనే ఉంటుంది.

ముందు వయసు సంగతి. గోల్డ్‌ఫిష్ రెండు మూడేళ్ళు బతికే చేప అని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. అది దాని ఆయుష్షు కాదు, మనం దానికి ఇస్తున్న ఆయుష్షు. సరైన నీళ్ళలో పది పదిహేనేళ్ళు బతకడం మామూలు విషయం. ఇంగ్లండులో 1956లో ఒక తిరునాళ్ళ ఆటలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, అంటే 43 ఏళ్ళు బతికి గిన్నిస్ రికార్డులకెక్కింది. మన దగ్గర ఎనిమిదేళ్ళ చేపను ముసలిదంటున్నామంటే అందులో సగం వయసుది, సగం ఇరుకు ట్యాంకుది.

చేప కన్ను మన కన్నులాంటిదే అనుకుంటే వైద్యం మొదట్లోనే దారి తప్పుతుంది. గోల్డ్‌ఫిష్‌కు రెప్పల్లేవు, కన్నీళ్ళు లేవు. కంటి ముందున్న పారదర్శకమైన పొర, కార్నియా, పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా నేరుగా నీళ్ళను తాకుతూనే ఉంటుంది. ఆ నీళ్ళలో ఏముంటే అది ముందుగా తగిలేది మొప్పలకూ కంటికీ. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు శాతం బయటి నీళ్ళకంటే ఎక్కువ. కాబట్టి నీరు ఎప్పుడూ లోపలికి చొరబడాలని చూస్తుంటుంది. కార్నియా మీద చిన్న గీత పడితే చాలు, అక్కడి నుంచి నీరు పొరలోకి ఎక్కి అది పాలలా తెల్లబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు చూసి కంట్లో పువ్వు వేసిందంటారు. చాలాసార్లు అది పువ్వు కాదు, నీరెక్కిన పొర. గీత మానితే తెలుపూ పోతుంది.

కన్ను వెనక జరిగే కథ ఇంకా విచిత్రమైనది. చాలా జాతుల చేపల్లో కంటి వెనక గుర్రపు నాడా ఆకారంలో సన్నటి రక్తనాళాల గుత్తి ఒకటుంటుంది. రెటీనాకు ఆక్సిజన్ అందించడం దాని పని. ఆ పని అది ఎంత గట్టిగా చేస్తుందంటే, రక్తంలో ఉన్న ఆక్సిజన్ పీడనం కన్నా కంటిలో ఎన్నో రెట్లు ఎక్కువ పీడనం నిలుస్తుంది. విటెన్‌బర్గ్ దంపతులు 1962లో దీన్ని కొలిచి చూపించారు. నీళ్ళలో వాయువులు కాస్త అతిగా కరిగి ఉన్నప్పుడు బుడగలు కంట్లోనూ కంటి వెనకా కనిపించడానికి ఇదొక కారణం. ఇంకోటి, కనుగుడ్డు వెనక గూడులో మెత్తటి కణజాలమే తప్ప గట్టి అడ్డు లేదు. అక్కడ నీరు చేరినా, చీము చేరినా, గాలి చేరినా కన్ను ముందుకు తోసుకురావడం తప్ప వేరే దారి లేదు. ఉబ్బుకన్ను ఒక జబ్బు పేరు కాదన్నది ఇక్కడే అర్థమవుతుంది. వెనక ఏదో చేరిందని చెప్పే గుర్తు మాత్రమే అది.

అందుకే మందు కన్నా ముందు చూపు కావాలి. గది లైటు ఆర్పి, మొబైల్ టార్చ్‌ను గాజుకు పక్కవాటుగా పెట్టి, చేప ముందుకు వచ్చేదాకా ఆగండి. టార్చ్ నేరుగా కంట్లోకి కొట్టకూడదు, రెప్ప లేని కన్ను అది. తెలుపు కంటి ఉపరితలం మీద, గీతలా లేదా మచ్చలా, అంచు గరుకుగా ఉంటే అది కార్నియా దెబ్బ. పైపొర తేటగా ఉండి, కంటిపాప లోపల గుండ్రటి ముత్యంలా తెల్లగా కనిపిస్తే అది కటకానికి పట్టిన శుక్లం. చేప కటకం మనదిలా రెండు వైపులా నొక్కినట్టు ఉండదు, పూర్తి గోళం. అందుకే శుక్లం పడితే ఆ గుండ్రదనం స్పష్టంగా తెలుస్తుంది. ఈ రెండూ కాక కన్నంతా పొగ పట్టినట్టుంటే లోపలి ద్రవం చెడింది, ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు. తర్వాత చేపను పైనుంచి చూడాలి. రెండు కళ్ళూ సమానంగా ఉబ్బాయా, ఒకటేనా? పైనుంచి ఫొటో తీసి తేదీతో దాచుకుంటే వచ్చే నెల వాదించుకునే పని ఉండదు. బ్లాక్ మూర్ లాంటి టెలిస్కోప్ రకాలకు కళ్ళు పుట్టుకతోనే ముందుకుంటాయి గనుక వాటికి ఈ ఫొటో మరీ అవసరం. ఆ కళ్ళు ఉబ్బడానికి కారణమైన జన్యువును, ఎల్‌ఆర్‌పీ2ఏను, జపాన్ పరిశోధకులు 2020లో గుర్తించారు. అంటే ఆ చేపకు పెద్ద కన్ను జబ్బు కాదు, మనుషులు తరతరాలుగా ఎంచి పెంచిన లక్షణం. దాని ఫలితం మాత్రం చేప అనుభవిస్తుంది. ట్యాంకులో ప్రతి మూలా ఆ కంటికే తగులుతుంది.

ఒక కన్నా, రెండు కళ్ళా అన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న. ప్రతిసారీ అదే కన్ను పోతుంటే దెబ్బను అనుమానించాలి. ట్యాంకులో ప్లాస్టిక్ మొక్క ఉందా, ఫిల్టర్ గొట్టం చివర పదునుగా ఉందా, పక్క చేప తరుముతోందా, వల పెట్టి పట్టుకుంటున్నారా? వయసైన చేపకు చూపు మందగించి ఒకే వైపు గుద్దుకుంటూ ఉండొచ్చు కూడా. రెండు కళ్ళూ ఒకేసారి ఉబ్బినా, ఈసారి ఎడమది, పైసారి కుడిది అన్నట్టు మారుతున్నా అది దెబ్బ పని కాదు. నీళ్ళూ రక్తమూ రెండు కళ్ళకూ ఉమ్మడి కాబట్టి వెతకాల్సింది అక్కడ.

నీళ్ళ గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడక తప్పదు, ఎందుకంటే మన ఊళ్ళలో తిరగబెట్టే కన్నుల్లో పెద్ద వాటా దీనిదే అని నా అభిప్రాయం. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది రెండడుగుల ట్యాంకు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపితే 57 లీటర్లు. రాళ్ళు, బొమ్మలు పోను 50 మిగుల్తాయి. ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌కు ఒక్కదానికే 75 లీటర్లు కావాలని అనుభవమున్నవాళ్ళు చెబుతుంటే మనం ఆ 50 లీటర్లలో నాలుగు వేస్తాం. గోల్డ్‌ఫిష్ తిండిపోతు, అందుకు తగ్గట్టే విసర్జిస్తుంది. ఆ విసర్జన అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా ఎంత విషమన్నది దాని మోతాదు ఒక్కదాని మీదే ఆధారపడదు. 25 డిగ్రీల వేడిలో నీటి పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం చిల్లర. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది. దాదాపు పది రెట్లు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టివి, క్షారగుణం ఎక్కువున్నవి. పైగా ఎండాకాలంలో ట్యాంకు నీళ్ళు 30 డిగ్రీలు దాటుతాయి. వేడి పెరిగితే విషభాగం ఇంకా పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప. మే నెలలో దానికి కళ్ళు మసకబారుతున్నాయంటే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

ఇక్కడే నీలం సీసా చేసే నష్టం ఒకటుంది. మిథిలీన్ బ్లూ చెడ్డ మందు కాదు. చేప గుడ్లకు బూజు పట్టకుండా, ఒంటి పైన ఫంగస్‌కు బాగానే పనిచేస్తుంది. కానీ ఫిల్టర్‌లో అమ్మోనియాను తినేసే మంచి బాక్టీరియాను కూడా అది దెబ్బతీస్తుంది. ఉబ్బుకన్ను మీద దాని ప్రభావం దాదాపు శూన్యం, ఫిల్టర్ మీద మాత్రం పూర్తి ప్రభావం. మందు వేసిన వారం పది రోజుల్లో అమ్మోనియా పెరుగుతుంది, కన్ను మళ్ళీ మసకబారుతుంది, మళ్ళీ మందు వేస్తారు. ఎవరూ పరీక్ష చేయకపోతే ఈ చక్రం చేప పోయేదాకా ఆగదు. నాలుగైదు గంటలు కరెంటు పోయినా ఫిల్టర్‌లో ఇలాంటిదే జరుగుతుంది. నీళ్ళు కదలక ఆక్సిజన్ అందక ఆ బాక్టీరియా దెబ్బతినవచ్చు.

గాలి బుడగల సంగతి ఇళ్ళలో అరుదే గానీ మరిచిపోకూడదు. అమెరికాలో కొలంబియా నది ఆనకట్టల కింద నీళ్ళు ఎత్తు నుంచి దూకేటప్పుడు గాలిని ఇముడ్చుకుని, సాల్మన్ చేపలకు కళ్ళలో, రెక్కల్లో బుడగలొచ్చేవి. నీళ్ళలో కరిగిన మొత్తం వాయువు సహజస్థాయికి 110 శాతం మించకూడదని అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన పరిమితి అలాంటి అనుభవాల్లోంచి వచ్చిందే. ఇంట్లో ఇది రెండు దారుల్లో వస్తుంది. పంపు గొట్టంలో ఎక్కడో సన్నటి చిల్లు పడి గాలిని పీల్చి నీళ్ళలోకి ఒత్తిడితో నెట్టడం ఒకటి. చలికాలంలో చల్లటి కుళాయి నీళ్ళు నేరుగా వెచ్చటి ట్యాంకులో పోయడం రెండోది. నీళ్ళు మార్చిన ప్రతిసారీ రెండు రోజుల్లో కన్ను ఉబ్బుతుందా? ఐతే ఒక రాత్రి బకెట్లో నిలవబెట్టి, గాలి గొట్టం వేసి, తర్వాత పోసి చూడండి. ఖర్చు లేని పరీక్ష.

బాక్టీరియాలో ఎక్కువగా వినబడే పేర్లు ఏరోమోనాస్, సూడోమోనాస్. ఇవి ప్రతి ట్యాంకులో ఎప్పుడూ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న చేపను ఏమీ చేయలేవు. గాయం దొరికినా, చేప నీరసించినా లోపలికి దిగుతాయి. రక్తంలోకి దిగితే రెండు కళ్ళూ ఉబ్బుతాయి, పొట్ట ఉబ్బుతుంది, పొలుసులు పనసకాయ ముళ్ళలా పైకి లేస్తాయి. ఆ దశలో కిడ్నీ అప్పటికే చేతులెత్తేసి ఉంటుంది. ముసలి గోల్డ్‌ఫిష్‌కు కిడ్నీ చెడితే ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ఒంట్లో నీరు చేరి కళ్ళు ఉబ్బవచ్చు. యాంటీబయాటిక్ వేస్తే కొంచెం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం ఇలాంటి చోట్ల ఎక్కువ.

అన్నిటికన్నా మొండిది మైకోబాక్టీరియం, చేపల క్షయ. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల్లో అరన్సన్ దీన్ని గుర్తించాడు. నెలల తరబడి లోలోపల నడుస్తుంది. చేప తింటూనే చిక్కిపోతుంది, వెన్ను వంగుతుంది, మానని పుండు పడుతుంది, ఒక కన్ను ఉబ్బి తగ్గి మళ్ళీ ఉబ్బుతుంది. నమ్మదగిన మందు లేదు. దీని సంగతి ఇంకొకందుకు కూడా తెలుసుకోవాలి. చేతికి తెగిన గాయం ఉన్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెడితే అది మనిషికీ అంటుకుంటుంది. వేళ్ళ మీద మానని బుడిపెలు లేస్తాయి, నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో చేపలున్నాయని చెప్పకపోతే ఆయనకు ఊహకు కూడా అందదు. ముసలి చేపకు కన్ను తిరగబెడుతున్న ఇంట్లో రబ్బరు తొడుగు లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టొద్దని నేను గట్టిగా చెబుతాను.

కటకంలో గూడు కట్టే డిప్లోస్టోమమ్ అనే పురుగు గురించి పాఠ్యపుస్తకాల్లో పేజీలకు పేజీలుంటాయి. దానికి నత్త, చేప, పక్షి మూడూ కావాలి. హాల్లో పెట్టిన ట్యాంకులో కొంగ వాలదు కాబట్టి మన చర్చకు అది అక్కర్లేదు.

తిండి మాట అలా తేల్చేయలేం. ఇందులో మనకు తెలిసిందంతా తినే చేపల పుణ్యమే. జింకు తక్కువైతే రెయిన్‌బో ట్రౌట్‌కు శుక్లాలు వస్తాయని 1970లలోనే తేలింది. 1990లలో పశువుల పిచ్చి వ్యాధి భయంతో యూరప్‌లో సాల్మన్ మేతలోంచి పశువుల రక్తపు పొడి తీసేశాక, పెంపకం సాల్మన్‌లలో శుక్లాలు విపరీతంగా పెరిగాయి. ఆ పొడిలో ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం లోపించడమే కారణమని తర్వాత అర్థమైంది. ఒక చిన్న పోషకం లేక లక్షల చేపల కళ్ళు పోయాయన్నమాట. మన సంగతి చూసుకుంటే, కిలో మేత సంచీ విప్పి చిన్న చిన్న కవర్లలో కట్టి అమ్ముతారు, మనం దాన్ని ఏడాది పాటు కిటికీ పక్కన పెట్టుకుని వాడతాం. విటమిన్ సి, విటమిన్ ఎ గాలికీ వెలుతురుకూ నిలవవు. రెండు మూడు నెలలకు సరిపడా సీలు వేసిన డబ్బా కొని చల్లటి చోట మూతపెట్టి ఉంచడం, వారంలో రెండు సార్లు ఉడికించి తొక్క తీసిన బటాణీయో పాలకూరో పెట్టడం ఏ మందుకన్నా చవక.

వయసును ఒక కారణంగా విడిగా చెప్పడం ఎందుకంటే, అది మిగతా కారణాలన్నిటినీ బలపరుస్తుంది. చేప కటకం జీవితాంతం పొర మీద పొరగా పెరుగుతూనే ఉంటుంది, పాత పొరలు ఎక్కడికీ పోవు. రోగనిరోధక శక్తి తగ్గుతుంది, గాయం మానడం నెమ్మదిస్తుంది. ఒక విషయంలో మాత్రం చేపలు మనకన్నా అదృష్టవంతులు. తెగిన కంటి నరం గోల్డ్‌ఫిష్‌లో మళ్ళీ పెరిగి మెదడులో తన చోటు తాను వెతుక్కుంటుందని అటార్డీ, స్పెర్రీ 1963లోనే చూపించారు. అందుకే ఉబ్బు తగ్గాక చూపు కొంత తిరిగి రావచ్చు. కార్నియా మీద పడిన మచ్చకూ కటకం మీది శుక్లానికీ ఆ అదృష్టం లేదు. అవి మిగిలిపోయిన మచ్చలు, నడుస్తున్న జబ్బు కాదు. తెలుపు పోలేదని మందు వేస్తూ పోవడం చాలామంది చేసే పని. మచ్చకు మందు లేదు.

ఇక మందుల సంగతి. రాళ్ళ ఉప్పుకు శాస్త్రం అండ ఉంది. లీటరుకు ఒకటి నుంచి మూడు గ్రాముల ఉప్పు కలిస్తే బయటి నీటికీ ఒంటికీ తేడా తగ్గి, లోపలికి చొరబడే నీటితో చేప పడే పోరు తేలికవుతుంది, కార్నియా మానే వీలు కలుగుతుంది. 50 లీటర్లకు 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు రోజుల్లో మెల్లగా పెంచాలి. ఒకేసారి గుప్పెడు పోయకూడదు. అయోడిన్ కలిపిన టేబుల్ సాల్ట్ కన్నా మామూలు రాళ్ళ ఉప్పు మేలు. మొక్కలుంటే, పొలుసుల్లేని పిల్లిచేపల జాతులుంటే జాగ్రత్త. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తగ్గిన నీళ్ళకు మళ్ళీ ఉప్పు నీళ్ళు పోస్తే మోతాదు పెరుగుతూ పోతుందని గుర్తుంచుకోవాలి.

భేది ఉప్పు, అంటే ఎప్సమ్ సాల్ట్, ఉబ్బును లాగేస్తుందని పెంపకందారులంతా చెబుతారు. 20 లీటర్లకు ఒక టీస్పూను అని వాడుక. దీని వెనక ఉన్నది ఎక్కువగా అనుభవమే, పరీక్షల బలం తక్కువ. హాని తక్కువ కాబట్టి వాడొద్దని అనను. కాని అది పనిచేసిందని చెప్పే చాలామంది అదే రోజు సగం నీళ్ళు కూడా మార్చి ఉంటారు. ఘనత దేనిదో చెప్పడం కష్టం. బాదం ఆకులు కూడా అంతే. ఫైటర్ చేపలవాళ్ళకు అవంటే ప్రాణం. వాటిలోని టానిన్లకు కొంత సూక్ష్మజీవులను అణచే గుణం ఉంది, ఉబ్బుకన్నుకు మందు అనేంత గుణం కాదు.

యాంటీబయాటిక్ దగ్గర మాత్రం నా మాట కటువుగానే ఉంటుంది. పొట్లంలో ఉన్న పసుపు పొడి ఏమిటో రంగు చూసి చెప్పలేం. నైట్రోఫ్యూరాన్లు పసుపే, టెట్రాసైక్లిన్లూ పసుపే. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే అనుకుందాం. గట్టి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి, వెలుతురు మిగతాది చెడగొడుతుంది. బోరు నీళ్ళ ట్యాంకులో అది చేపకు చేరేది కొంచెమే. పైగా మంచినీటి చేప నీళ్ళు తాగదనే చెప్పాలి. మందు నీళ్ళలో కలిపినంత మాత్రాన కంటి వెనకకు చేరదు. చేపకు చేరాలంటే మేతలో కలపాలి, లేదా ఇంజక్షన్ చేయాలి. చేపల వైద్యులు ఎక్కువగా వాడే సెఫ్టాజిడిమ్‌ను కిలో బరువుకు సుమారు 20 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులకోసారి ఇస్తారు. 200 గ్రాముల చేపకు అది 4 మిల్లీగ్రాములు. మెడికల్ షాపులో దొరికే ఒక గ్రాము సీసాలో అలాంటి మోతాదులు 250 ఉంటాయి. ఇంట్లో సిరంజి పట్టుకుని ఆ లెక్క తప్పడం ఎంత సులభమో ఊహించుకోండి. అదీగాక అది మనుషుల్లో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లకు దాచుకోవాల్సిన మందు.

మన రాష్ట్రాలకు ఈ విషయం కొత్త కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలున్నాయని ఎగుమతి రొయ్యలు వెనక్కి వచ్చినప్పుడు ఆ నష్టం ఎంతో కోస్తా రైతులకు తెలుసు. చెరువుల్లో నిషేధించిన మందు హాల్లోని ట్యాంకులో చుక్కలుగా పోసి, ఆ నీళ్ళు మురుగుకాలవలో పారబోయడం ఏ రకంగానూ సమర్థించలేం. బ్రిటన్‌లో పెంపుడు చేపకు యాంటీబయాటిక్ కావాలంటే పశువైద్యుడి చీటీ ఉండాలి. అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ 2023 చివర్లో అనుమతి లేని చేపల యాంటీబయాటిక్‌లు అమ్ముతున్న కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మన కేంద్ర ప్రభుత్వం 2017 మేలో అక్వేరియం దుకాణాలకు నిబంధనలు ప్రకటించి, వ్యాపారుల నుంచి వ్యతిరేకత రావడంతో తర్వాత వెనక్కి తీసుకుంది. ఆ నిబంధనల్లో తొందరపాటు ఉంది, నిజమే. తీసేశాక ఆ చోటు ఖాళీగానే మిగిలిపోయింది.

శస్త్రచికిత్స పేరు వినగానే చేపకు ఆపరేషనా అని నవ్వుతారు. ఆసియా అరోవానా పెంచేవాళ్ళు నవ్వరు. కారంత ఖరీదు చేసే ఆ చేపకు కన్ను కిందికి వాలిపోతే, సింగపూర్‌లో మత్తు ఇచ్చి కన్ను సరిచేసే నిపుణులున్నారు. కొందరు చేప పైకి చూడాలని నీళ్ళ మీద పింగ్‌పాంగ్ బంతులు వదులుతారు. వెనక కొవ్వు పేరుకోవడం వల్లనో, ఎప్పుడూ కిందికి చూడటం వల్లనో వస్తుందంటారు గానీ కారణం ఇంకా వాదనలోనే ఉంది. పెద్ద పబ్లిక్ అక్వేరియాలలో కంట్లో గాలి చేరిన చేపలకు అసెటజోలమైడ్ ఇస్తారు, మన దగ్గర గ్లాకోమా రోగులకు ఇచ్చే మందే. కంట్లోకి ఆక్సిజన్ నెట్టే ప్రక్రియను అది నెమ్మదింపజేస్తుంది. కోలుకోలేనంత పాడైన కన్నును పూర్తిగా తీసేయడం కూడా మత్తిచ్చి చేసే మామూలు శస్త్రచికిత్సే, చేపలు దాన్ని బాగానే తట్టుకుంటాయి. అడుగడుగునా కనిపించేది ఒకటే. సాల్మన్‌కు డబ్బుంది కాబట్టి మేత మీద పరిశోధన జరిగింది, అరోవానాకు డబ్బుంది కాబట్టి కంటి ఆపరేషన్ పుట్టింది. వంద రూపాయల గోల్డ్‌ఫిష్‌కు పుట్టింది పసుపు పొడి.

నొప్పి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చేపకు నొప్పి తెలియదనే మాట ఇంకా వినిపిస్తుంది. ట్రౌట్ చేప కార్నియాలో నొప్పిని పసిగట్టే నరాలున్నాయని లిన్ స్నెడన్ బృందం 2000ల తొలి దశకంలో కొలిచి చూపింది. కంటి ఉబ్బును ఇంట్లో సూదితో గుచ్చి నీరు తీయొచ్చని చెప్పేవాళ్ళ మాట వినకండి.

ఆచరణకు వస్తే, కన్ను తిరగబెట్టిన రోజు చేయాల్సిన మొదటి పని అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూడటం. చుక్కల కిట్టు ఒకటి ఇంట్లో ఉంటే చాలు. అమ్మోనియా కనిపిస్తే మేత రెండు రోజులు ఆపి, క్లోరిన్ తీసిన, అదే వేడి ఉన్న నీళ్ళతో రోజూ పావు వంతు మార్చాలి. పదునైన వస్తువులన్నీ తీసేయాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా ట్యాంకు నీళ్ళలోనే పిండాలి. వారం రోజులు ఉప్పుతో చూడాలి. తగ్గిపోతే మందు అక్కర్లేదు. చేప తిండి మానేసినా, రెండో కన్నూ ఉబ్బినా, పొలుసులు లేచినా ఇక ఇంటి వైద్యం ఆపి నిపుణుణ్ణి వెతకాలి.

కన్ను పోయినా చేప పోనక్కర్లేదు. నీటి కదలికను ఒంటి పక్కల ఉన్న గీత ద్వారా పసిగట్టే శక్తి, వాసన పట్టే శక్తి చేపకు చూపు లేని లోటును చాలావరకు తీరుస్తాయి. రోజూ ఒకే వేళకు, ఒకే మూలలో, గాజు మీద మెల్లగా రెండు సార్లు తట్టి మునిగే మేత వేస్తే కొన్ని వారాల్లో గుడ్డి చేప ఆ మూలకు వచ్చి నోరు తెరుస్తుంది. ట్యాంకులో వస్తువుల చోటు మార్చకూడదు. చురుకైన చేపలను వేరు చేయాలి, లేకపోతే మేత అంతా వాటికే. వాంకూవర్ అక్వేరియంలో కన్ను పోయిన ఒక రాక్‌ఫిష్‌ను తోటి చేపలు ఆ పక్క నుంచి పొడుస్తుంటే వైద్యులు దానికి కృత్రిమ కన్ను అమర్చారు. మనకు అంత అక్కర్లేదు, ఒక అడ్డుతెర చాలు.

రెండు కళ్ళూ ఉబ్బి, పొలుసులు లేచి, పక్కకు పడిపోయి, వారాల తరబడి తినని ముసలి చేపను మందుల్లో నానబెట్టడం వైద్యం కాదు. లవంగనూనెతో గాఢమైన మత్తులోకి పంపి, ఆ తర్వాత ప్రాణం పోయిందని రూఢి చేసుకోవడం పశువైద్యులు అంగీకరించిన పద్ధతి. దాన్ని కూడా తెలిసినవాళ్ళ చేతే చేయించాలి. ఆ నిర్ణయం తీసుకోలేక కాలవలో వదిలేసేవాళ్ళున్నారు. అది చేపకూ కాలవకూ రెండింటికీ కీడు.

నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాలలున్నాయి. పాఠాలూ ప్రయోగాలూ ఎక్కువగా బొచ్చె, శీలావతి, రొయ్యల చుట్టూ తిరగడం సహజం, రాష్ట్రాల ఆదాయం వాటి మీదే ఉంది. కానీ హైదరాబాదు, విజయవాడ, విశాఖలలో ఇప్పుడు వీధికో అక్వేరియం దుకాణం ఉంది. ఈ కళాశాలలూ పశువైద్య విశ్వవిద్యాలయాలూ కలిసి, నగరాల్లో ఇప్పటికే ఉన్న పశువుల ఆసుపత్రుల్లో వారానికి ఒక్క పూట అలంకార చేపల ఓపీ నడపాలి. ఒక మైక్రోస్కోపు, ఒక నీటి పరీక్ష కిట్టు, చేపను చూడటం నేర్చిన ఒక పట్టభద్రుడు ఉంటే మొదలుపెట్టొచ్చు.